కుడి పక్క సీటు

దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకు మాటల కన్నా ముందు కోచింగ్ వస్తుందని నేను అంటుంటాను. బ్యాంకు కోచింగ్, పోలీసు కోచింగ్, కెనడా కోచింగ్. ఏ మెట్లెక్కినా పైన ఒకరు కూర్చుని మీ జీవితం మార్చేస్తామంటారు. అందుకే మా ఇందు విమానం నడపడం నేర్చుకుంటానన్నప్పుడు నేను పెద్దగా నోరు తెరవలేదు. నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. ఉద్యోగం మాత్రం రాలేదు.

ఇందు మా అన్న దశరథ కూతురు. వదిన పోయాక దాన్ని పెంచింది నేనే. మాది పోచంపల్లి. మా నాయన మగ్గం దిగి కొత్తపేటలో చీరల మల్గీ తెరిచాడు. ఆ మల్గీలో చీరలు పరిచేది అన్న, బేరం తెంచేది నేను. మాలతికి నోరెక్కువని బజారంతా అనుకుంటుంది. ఉన్నమాటే కాబట్టి నాకు కోపం రాదు.

"లైసెన్సొక్కటే ఉంటె ఎవ్వరు పిలుస్తలేరత్తా. పెద్ద విమానం మీద వేరే ట్రైనింగ్ కావాలె. దాని మీద గంటలు కూడ తిరిగి ఉండాలె" అనేది ఇందు. దాని క్లాస్‌మేట్ కృష్ణకుమారిని ఒక విమాన కంపెనీయే పరీక్ష పెట్టి ముందు ఎంచుకుంది, తర్వాత ట్రైనింగ్‌కు పంపింది. ఆ పరీక్షలో ఇందు తప్పింది. అప్పటి నుంచి మిద్దె మీద బట్టలారేసేటప్పుడు విమానం చప్పుడు వినిపిస్తే తలెత్తడం మానేసింది. 

అప్పుడొచ్చాడు అభిలాష్.

ఎల్‌బీ నగర్‌లోని ఒక పైలట్ ట్రైనింగ్ సంస్థ పంపిందట. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు చారలు. వాడు మా గల్లీలోకి వస్తుంటే ఇస్త్రీ బండి దగ్గర జనం పనాపి చూశారు. సోఫాలో చివరంటా కూర్చుని, నేనిచ్చిన చాయ్ ముట్టుకోకుండా పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఫీజు కడితే పెద్ద విమానం ట్రైనింగ్ ఇప్పిస్తారు. తర్వాత వేరే దేశంలో ఒక చిన్న కంపెనీలో, పెద్ద పైలట్ పక్కన, కుడి పక్క సీట్లో కూర్చోబెడతారు. ఐదు వందల గంటలు నడిపి వస్తే ఇక్కడ ఉద్యోగం దానంతటదే వస్తుంది.

మా అన్న కంపెనీ గురించి ఒక్క ముక్క అడగలేదు. "మీ తాత ఎవరు బాబూ?" అన్నాడు. అభిలాష్ చెప్పాడు. వాళ్లదీ పోచంపల్లి దగ్గరి ఊరే. వాళ్ల తాత, మా నాయన ఒకే సంతకు చీరలు మోసినవాళ్లు. అన్న ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగాడు.

"నీకు పని నేర్పినోళ్లే పనిచ్చిండ్రా?"

ఇది మా వాళ్ల ప్రశ్న. పోచంపల్లిలో పని నేర్పినవాడే మగ్గం ఇస్తాడు. నూలుకు ముడులు కట్టడం, రంగులో ముంచడం నేర్పి, చివరికి తన షెడ్డులోనే ఒక మగ్గం మీద కూర్చోబెడతాడు. నేర్పించి వీధిలో వదిలేసే మనిషి ఉంటాడని మా అన్నకు ఊహకైనా రాదు.

"ఇచ్చిండ్రంకుల్. వాళ్ల దగ్గర్నే చేస్తున్న" అన్నాడు అభిలాష్. అంటూ నేల చూశాడు.

అన్నకు అది వినయంలా కనిపించింది. నాకు మాత్రం అలా అనిపించలేదు. వాడు చెప్పులేసుకుంటుంటే మెట్ల దగ్గర అడ్డం పడి, "నిజం చెప్పు బిడ్డా, మంచిదేనా?" అన్నాను. వాడు ఏదో అనబోయాడు. అంతలో జేబులో ఫోను మోగింది. పేరు చూడగానే వాడి ముఖం పాలిపోయింది. "ఆలోచించుకోండ్రి ఆంటీ" అని గబగబా దిగిపోయాడు.

మరుసటి వారం ముగ్గురం ఎల్‌బీ నగర్ వెళ్లాం. ఏసీ ఆఫీసు. గోడ నిండా ఫొటోలు, అన్నీ తెల్లచొక్కాల పిల్లలవే. అభిలాష్ ఫొటో మధ్య వరుసలో ఉంది. చివరి ఫొటో పక్కన గోడ ఖాళీగా ఉంది కానీ, మేకు మాత్రం అప్పటికే కొట్టి ఉంది. మేనేజరు రామారావు నా చూపు గమనించాడు.

"అది మీ పాప కోసమేనండీ" అని నవ్వాడు.

"ఉద్యోగం రాకపోతె?" అన్నాను నేను.

"అలా నెగెటివ్‌గా ఆలోచించకూడదు మేడమ్. ఇంతమంది పిల్లలు కనబడుతున్నారు కదండీ."

"గీ పిల్లలు ఇప్పుడు ఏ కంపెనీల చేస్తున్నరు? ఒక్కొక్కల్ని చూపెట్టి చెప్పుర్రి."

రామారావు నవ్వు చెదరలేదు. మంచినీళ్లు తెప్పించాడు. నా మోకాలి మీద అన్న చెయ్యి పడింది, నోరు మూసుకోమని. ఇందు గోడను చూడటం లేదు, ఆ మేకునే చూస్తోంది. ఆకలిగొన్న పిల్ల పళ్లెం వంక చూసినట్టు చూస్తోంది.

ఇంటికొచ్చాక నేను అరిచాను. మసి పూసి మారేడుకాయ చేస్తే నమ్ముతావా అన్నా, ఆ కంపెనీ గురించి విచారించు అన్నాను. అన్న ఒక్కటే మాట అన్నాడు: "అభిలాష్ మనోడు. మనోని నోట్ల అబద్ధమెందుకొస్తది చెల్లె?"

మల్గీ అమ్మేశాడు. మా నాయన తెరిచిన మల్గీ. తాళాలిచ్చిన రోజు అన్న నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద చీరల దుకాణంలో చీరలు మడిచే పనికి కుదిరాడు. మేనేజరు కుర్రవాడు "ఓ పెద్దాయనా" అని పిలిస్తే పలికేవాడు. ఎవరైనా ఏమిటిలా అంటే, "నా బిడ్డ విమానం నడుపుతుంది" అనేవాడు.

నడిపింది కూడా. ఆ మాట కాదనను. ట్రైనింగ్ అయ్యింది, పరాయి దేశం వెళ్లింది. మొదటిసారి ఫోన్ చేసిన రోజు దాని గొంతులో సంతోషం ఇంట్లో దీపం పెట్టినట్టుంది. "అత్తా, కింద వాన పడుతుంటె మేము పైన ఎండల ఉన్నం!" అంది. నేను ఏడ్చాను. అనవసరంగా అనుమానపడ్డానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ ఫోన్‌లోనే, పెట్టేసే ముందు, ఇంకో మాట చెప్పింది.

"నా సీట్ల ఇంతకుముందు ఇంకో పిల్ల ఉండెనంట. నేను దిగిన రోజే ఆమె బ్యాగ్ సర్దుకొని పోయింది. నాతోని ఒక్క మాట మాట్లాడలే."

"ఎందుకు పోయింది?"

"ఆమె గంటలు అయిపోయినయంట అత్తా."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లెక్క వేశాను. ఆ సీటు ఖాళీ కావాలంటే ఒకరు లేవాలి. డబ్బు కట్టి కొత్తగా ఒకరు వస్తుంటే, జీతమిచ్చి పాతవాళ్లను ఎవరుంచుకుంటారు? ఇందు గంటలు కూడా అయిపోతాయి. ఇంత చిన్న లెక్క మా ఇంట్లో ఎవరికీ తట్టలేదే అని తల కొట్టుకున్నాను. అన్నకు చెప్పలేదు. ఆయన అప్పటికే ఆ దుకాణంలో అందరికీ మిఠాయి పంచి వచ్చాడు.

అనుకున్నంతా అయ్యింది. ఐదు వందల గంటలు పూర్తికాగానే ఇందు బ్యాగ్ సర్దుకుంది. ఇక్కడికొచ్చి అన్ని కంపెనీలకూ దరఖాస్తు పెట్టింది. ఒకరు మా విమానం వేరు అన్నారు, ఇంకొకరు మేం పరీక్ష పెట్టి ఎంచుకున్న పిల్లలే మాకు చాలు అన్నారు. మిగిలినవాళ్లు జవాబే ఇవ్వలేదు. పైగా ఆ ట్రైనింగ్ చెల్లుబాటు కావాలంటే కొన్ని నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్ష ఇస్తూ ఉండాలట. అది ఇవ్వకపోతే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ పరీక్షకు మళ్లీ ఫీజు. అమ్మడానికి మా దగ్గర ఇంకో మల్గీ లేదు.

ఒకరోజు ఎల్‌బీ నగర్ ఆఫీసుకు పోయి వచ్చి, ఇందు చాలాసేపు బాత్‌రూంలో నల్లా తిప్పి ఉంచింది. బయటికొచ్చాక చెప్పింది.

"ఇద్దరిని చేర్పిస్తె నా పరీక్ష ఫీజు వాళ్లే కడతరంట అత్తా."

నాకు అభిలాష్ నేలచూపు గుర్తొచ్చింది. 'వాళ్ల దగ్గర్నే చేస్తున్న' అని వాడు చెప్పిన మాట గుర్తొచ్చింది. వాడు చేరిస్తే వచ్చిన ఇద్దరిలో ఒకతె నా ఎదురుగా, తడి ముఖంతో నిలబడి ఉంది.

"వద్దు బిడ్డా" అన్నాను.

"మరి డాడీ ఆ దుకాణంల జన్మంతా చీరలు మడుచుడేనా?" అంది. 

నాగోల్‌లో బుచ్చయ్య ఉన్నాడు. ఆయనా చీరల వ్యాపారే, మా వాడే. కొడుకు నరేష్‌కుమార్‌కు విమానాల పిచ్చి, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇందు అక్కడికి పోదామంది. "నువ్వొస్తె నమ్ముతరత్తా" అంది. రానని ముందు అన్నాను. తర్వాత వెళ్లాను. నమ్మించడానికి కాదు, వాళ్లను ఆపడానికి.

తలుపు తీసిన నరేష్ కళ్లు ఇందు భుజాల మీది చారల మీదే నిలిచిపోయాయి. ఇందు సోఫాలో చివరంటా కూర్చుంది. పాఠం అప్పజెప్పింది. చాయ్ ముట్టుకోలేదు. అంతా విని బుచ్చయ్య మీసం సవరించుకున్నాడు.

"గదంత సరే బిడ్డా. నీకు పని నేర్పినోళ్లే పనిచ్చిండ్రా?"

ఇందు నేల చూసింది.  అప్పుడు నేను నోరు విప్పాను.

"ఇయ్యలేదన్నా. ఇస్తరని మా అన్న మల్గీ అమ్ముకున్నడు. గంటలు కాంగనే దీన్ని లేపి ఇంకొకల్ని కూసోబెట్టిండ్రు. ఇప్పుడు పని లేక ఇంట్ల ఉన్నది. మీ పిలగాన్ని పంపకు. నీకు దండం పెడత."

 బుచ్చయ్య నన్ను చూశాడు, ఇందు భుజాలను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"గట్లనా చెల్లె! మీ పిల్ల ఎక్కింది, ఇగ నిచ్చెన గుంజుదామనా? మనోల్లల్ల గీ గుణం ఎన్నటికి పోదు. పని లేనామె గా డ్రెస్సెందుకేసుకుంటది?"

నేను ఎంత చెప్తే ఆయన అంత గట్టిగా నవ్వాడు. ఇంతసేపూ కంపెనీని అనుమానించిన మనిషి, నేను వద్దన్నాక నమ్మడం మొదలుపెట్టాడు. నరేష్ నా వంక శత్రువును చూసినట్టు చూశాడు. జీవితమంతా నోటితోనే బతికినదాన్ని, ఆ ఇంట్లో నా నోటికి విలువ లేకపోయింది.

ఆటోలో ఇందు నా భుజం మీద తల పెట్టుకుంది. "మంచిగ చెప్పినవత్తా. నా మీదికెల్లి బండ దించినట్టయింది" అంది. భుజాల చారలు విప్పి నా సంచిలో వేసింది. ఆ రోజు ఇద్దరం చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాం.

వారం తిరగకముందే దాని ఫోనుకు రామారావు మెసేజ్ వచ్చింది. బుచ్చయ్యే కొడుకును తీసుకుని స్వయంగా ఆఫీసుకు వెళ్లాడట. ఫీజు కట్టేశాడట. ఇందు పేరు చెప్పాడట, కాబట్టి దాని లెక్కలో ఒకరు చేరినట్టేనట. కింద రామారావు ఒక ఫొటో కూడా పంపాడు. గోడ మీద ఇందు ఫొటో, దాని పక్కన నరేష్‌కుమార్ ఫొటో. దాని పక్కన ఖాళీ మేకు.

ఇందు ఆ ఫొటో చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి నా సంచి వెతికింది. చారలు బయటికి తీసింది. ఇస్త్రీపెట్టె వేడి చేసి, తెల్ల చొక్కాను బల్ల మీద పరిచింది. పక్క గదిలో అన్న డ్యూటీకి బయల్దేరుతూ దువ్వెన కోసం వెతుక్కుంటున్నాడు.

"ఎక్కడికే?" అన్నాను. 

"ఇంకొకరు కావాలె కద" అంది ఇందు, కాలర్ మీద ఇస్త్రీపెట్టె తోస్తూ. నా వైపు చూడలేదు.

"ఈసారి నువ్వు రాకత్తా."