అరగదీసిన పువ్వు

అనక్లేతో తుపాకీని అటూ ఇటూ తిప్పి చూస్తున్నంతసేపూ బెనిల్దా కళ్లు అతని వేళ్లమీదే ఉన్నాయి. మనీలా నుంచి వచ్చిన మనిషి, పైగా చేతులకు తెల్ల గ్లౌజులు. ఇలాంటివాళ్లు చూసి ఇస్తామని పట్టుకెళ్లి మళ్లీ మొహం చూపించరని ఆమె గట్టి నమ్మకం. అందుకే అల్లం టీ కూడా సగం గ్లాసే పోసింది. ముందుజాగ్రత్తగా ఆమె చేసిన పని ఇంకొకటుంది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

జపాన్‌తో యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిందని ఊరి నడిమధ్య ప్లాజాలో గెరిల్లాల పేర్లతో రాయి నిలబెడుతున్నారు. బెనిల్దా తండ్రి సిప్రియానో పేరు దగ్గరే పేచీ వచ్చింది. కొండదారిలో జపాన్ సైనికుణ్ణి పడగొట్టి ఈ తుపాకీ లాక్కున్నానని ఆయన చచ్చేదాకా చెప్పాడు. యుద్ధమయ్యాక ఎక్కడో సంపాదించి మీసం మెలేశాడని ఊళ్లో సగంమంది గొణుగుతారు. ఆ గొణుగుడు వింటూనే బెనిల్దా ముసలిదైంది. సంగతి తేల్చమని రాయి పెట్టే కమిటీ పాత తుపాకుల సంగతి తెలిసిన ఇతన్ని పంపింది.

"జపాన్‌వాళ్ల తొంభై తొమ్మిదో రకం," అన్నాడు అనక్లేతో, ఆమెను అక్కా అన్నట్టు మనాంగ్ అని పిలుస్తూ. "గురి చూసే పలకకి ఈ రెక్కలు చూశారా మనాంగ్? విమానాల్ని కొట్టడానికట. కొట్టినవాణ్ణి నేనైతే చూళ్లేదు."

బెనిల్దా నవ్వలేదు. "రకం సంగతి నాకెందుకు సార్? మా నాన్న చెప్పింది నిజమా కాదా, అది చెప్పండి."

అతని వేలు తూటా కూర్చునే గది మీద ఆగింది. అక్కడ నున్నగా ఉంది.

"ఇక్కడ చామంతి పువ్వుండాలి. వాళ్ల చక్రవర్తి గుర్తు. ఓడిపోయి తుపాకులు అప్పగించేటప్పుడు, పరువు పోతుందని వాళ్లే దాన్ని అరగదీసేవాళ్లు. పోరులో లాక్కున్నవాటి మీద పువ్వు అలాగే ఉంటుంది. దీని మీద లేదు."

బెనిల్దా బెంచీ మీద కూలబడింది.

అనక్లేతో తుపాకీని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. "అప్పుడు అరగదీసిన గీతలైతే ఈపాటికి నల్లబడాలి. ఇవి తళతళలాడుతున్నాయి. ఏం దాస్తున్నారు మనాంగ్?" ఇప్పుడు అనుమానపడే వంతు అతనిది.

"ఆ పువ్వుని నేనే ఆకురాయితో రాకాను," అంది బెనిల్దా. "మొన్న ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. శత్రురాజు ముద్ర ఇంట్లో ఉంటే మమ్మల్ని వాళ్ల మనుషులంటారేమోనని. ఏం బుర్రో నాది. మా నాన్న సాక్ష్యాన్ని నా చేత్తోనే చెరిపేశాను."

అతను తుపాకీని తెచ్చి ఆమె పక్కన బెంచీ మీద పెట్టాడు. "నేను నమ్ముతాను. కమిటీకి నా నమ్మకం ఒక్కటే చాలదు. ఆ పువ్వు ఇన్నేళ్లూ మీ ఇంట్లోనే ఉందని, మీరే రాకేశారని ప్లాజాలో అందరి ముందూ చెప్పాలి."

"నవ్వుతారు సార్."

"నవ్వుతారు మరి."

బెనిల్దా వంటగదిలోకి వెళ్లి పొయ్యి వెనక దాచిన గుడ్డమూట తెచ్చింది. అందులో ఆకురాయి, దాని పళ్లలో ఇంకా ఇనప్పొడి. మూటను తుపాకీ పక్కన పెట్టి, అతని గ్లాసు నిండా టీ పోసింది.

"తాగండి సార్. తాగి పదండి, వాళ్లకి ముందు ఈ ఆకురాయినే చూపిస్తాను."