నాలుగు నిమిషాల ఉపగ్రహం

మేనకోడలు సింధూర మెట్టుగూడ డాబా మీద టెలిస్కోపు బిగించుకుని, ఎదురు అపార్టుమెంటు లైట్లకేసి ఏడుపుమొహంతో చూస్తుంటే సూరికి నవ్వాగలేదు.

“నవ్వకు మామయ్యా. ఉపగ్రహం మీద పడి తిరిగొచ్చే ఎండని రంగులుగా విడగొడతాను. ఏ రంగు ఎంత తగ్గిందో చూస్తే దాని ఒంటి మీదున్నది రేకో, పెయింటో, సోలార్ పలకో తెలుస్తుంది. ఏడూ పదికి వస్తుంది, నాలుగే నిమిషాలు. ఇవాళ పోతే మళ్ళీ నెలకి. నా రిపోర్టేమో ఎల్లుండి ఇవ్వాలి. ఆ లైట్ల వెలుగు ఇందులో కలిసిపోతోంది!”

“ఆర్పమని అడక్కపోయావా?”

“మూడుసార్లు అడిగాను. కాంతమణి ఆంటీ కుదరదంది.”

సూరి పదో తరగతిని మూడుసార్లు పలకరించి వచ్చేసిన మనిషి. అయితేనేం, జనం ఏ మాటకి ఉలిక్కిపడతారో అతనికి కొట్టిన పిండి. లుంగీ సర్దుకుని ఎదురింటికి పోయాడు.

“కాంతమణిగారూ, మా పిల్ల మిషను చూసేరా? వస్తువు మీద వెలుగు పడితే చాలు, అదేటో చెప్పెస్తాది. ఇయ్యాల బంగారం టెస్టింగు. అసలుదో, వన్ గ్రామ్ గోల్డో ఇట్టే దొరికిపోద్ది.”

“గంత దూరంకెళ్ళి కనవడ్తదా?”

“ఆకాశంలో ఉన్నదాన్నే పట్టెస్తంది, మీ బాల్కనీ ఒక లెక్కా తల్లీ!”

కాంతమణి చేతులు వెనక్కి పెట్టుకుంది. “నాకేం పరేషాన్ లేదు. నావి అసల్‌వే” అంటూనే తలుపేసుకుంది. కబురు వాట్సాప్‌లో పాకింది. ఏడూ అయిదుకల్లా నాలుగంతస్తులూ చీకటి.

“ఏం మంత్రం వేశావు మామయ్యా!” అంటూ సింధూర టెలిస్కోపుకి అతుక్కుపోయింది. ఉపగ్రహం మెరుస్తూ పైకొచ్చింది.

అప్పుడే సూరి భార్య లోవలక్ష్మి తడుముకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో గాజులు.

“సింధూరా, ఇవి కూడా ఓపాలి చూడమ్మా. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి మీ మామయ్య పెట్టేడు. ఆళ్ళంతా భయపడి లైట్లార్పేసుకున్నారు గానీ, మనకేటి భయం? ఉండు, టార్చి ఏస్తాను.”

“ఎయ్యకే!”

“ఏటి? అసలైనవే కదా?”

“మామయ్యా, అత్తని ఆపు!” కదల్లేక సింధూర మూలిగింది. లోవలక్ష్మి వేలు టార్చి మీదికి పోతోంది.

“వన్ గ్రామ్ గోల్డేనే!” సూరి అరిచేశాడు.

వేలు ఆగింది. ఎదురింటి చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

“ఇంకెంతసేపమ్మా?” లోవలక్ష్మి గొంతు చల్లగా ఉంది.

“రెండు నిమిషాలత్తా.”

“కానియ్యి. అందాకా ఆగుతాను.”

సూరి ఆకాశంకేసి చేతులు జోడించాడు. ఆ ఉపగ్రహాన్ని కాస్త నిదానంగా నడవమని.