స్మార్ట్ టైలర్స్

పెళ్లయిన కొత్తలో టైలర్ మాస్టారు దుకాణానికి 'స్మార్ట్ టైలర్స్' అని బోర్డు రాయించి, పెళ్లాం చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చి మరీ చూపించాడు. ఆవిడ చదివి పొట్ట పట్టుకుని నవ్వింది.

"స్మార్ట్ అంటే అసలు అర్థం నొప్పి, మంట. నొప్పి దర్జీలని రాయించుకున్నారు మహానుభావా!"

ఆవిడది నిఘంటువుల ఆఫీసులో ఉద్యోగం. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం పని, వాటితో ఇంటికొచ్చి మొగుణ్ణి ఆటపట్టించడం సరదా.

"స్మార్ట్ అంటే తెలివైనవాడనే కదా అందరూ అనేది?" అన్నాడు మాస్టారు ఉడుక్కుంటూ.

"ముందు దెబ్బ చురుక్కుమంది. తర్వాత మాట చురుక్కుమంది. అలా అనగలిగినవాడు తెలివైనవాడయ్యాడు. మనం మాత్రం? చీమ కుడితే చురుక్కుమందంటాం, తెలివైన పిల్లని చురుకైందంటాం. షార్ప్ అన్నా పదునే. అక్యూట్ అయితే లాటిన్‌లో మీ సూదికి చుట్టం. తెలివికున్న మంచి పేర్లన్నీ మీ కుట్టుపెట్టెలోంచి ఎత్తుకెళ్లినవే!"

బోర్డు మార్చలేదు. ఆ రోజు నుంచీ ఆవిడ పేరు 'డిక్షనరీ'. వేలికి సూది దిగినప్పుడల్లా మాస్టారు "అబ్బా" అనడం మానేసి "స్మార్ట్!" అని అరిచేవాడు. లోపల్నుంచి నవ్వు వినపడేది. బయటివాళ్లకి ఆ గోల అర్థమయ్యేది కాదు.

ఏళ్లు గడిచాక అలాంటి డిక్షనరీకి పక్షవాతం వచ్చింది. కుడిచేతికి స్పర్శ పోయింది, మాట పడిపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. మాస్టారు ఆవిణ్ణి కుట్టుమిషను పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని పొద్దస్తమానం కబుర్లు చెప్పేవాడు. ఆవిడ చూసేది. ఆ చూపు వెనక తన డిక్షనరీ ఉందో లేదో తెలియక అతని ప్రాణం ఉసూరుమనేది.

ఆవిడ అక్కగారు వచ్చి రెండు పూటలు చూసి తేల్చేసింది.

"నాతో పంపించండి మరిదిగారూ. దీని బుర్ర మొద్దుబారిపోయింది. మీరెవరో కూడా తెలియట్లేదు. ఈ మిషన్ల రొదలో మీరొక్కరూ ఎలా చూసుకుంటారు?"

"అది లోపలే ఉంది వదినా."

"ఉంటే ఒక్క మాటైనా అనదా?"

మాస్టారికి ఒళ్లు మండింది. కానీ తన భయమే ఆవిడ నోట వినపడుతోంది. వదినగారు సంచీ సర్దేసి ఆటోని పిలిచింది. బయలుదేరేముందు చూస్తే పెళ్లాం స్వెట్టర్ కుడిచేతి మణికట్టు దగ్గర గుండీ వేలాడుతోంది. గుండీ ఊడిన బట్టతో పెళ్లాన్ని పంపితే తనెక్కడి టైలరు? ఒంటిమీద ఉండగానే కుట్టడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగి దారం కనపడలేదు. సూది కాస్తా మణికట్టులో దిగింది.

ఆవిడ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. స్పర్శ లేదన్న చెయ్యే! పెదవులు పెనుగులాడాయి.

"స్మా... ర్ట్."

వదినగారు నుదురు కొట్టుకుంది. "చూశారా పాపం, నొప్పెడితే ఏమనాలో కూడా తెలియట్లేదు! ఏదో నోటికొచ్చింది వాగుతోంది."

మాస్టారు వదినగారికి చెప్పాలనుకున్నాడు. కానీ పెళ్లాం ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆవిడ ఎడంచెయ్యి మెల్లగా లేచి వాకిలి వైపు, బోర్డు ఉన్న వైపు చూపించింది. మూతి ఓ పక్కకే నవ్వింది.

"నొప్పి..." అంది. రెండో మాట కోసం తడుముకుంది.

"దర్జీలు," అందించాడు మాస్టారు. "వదినా, ఆటోని పంపించెయ్యండి. సంచీ విప్పండి. నా డిక్షనరీ ఎక్కడికీ రాదు."

వదినగారికి ఏమీ అర్థం కాలేదు. అయినా చెల్లెలి నవ్వు చూసి సంచీ కింద పెట్టేసింది.

మాస్టారు కళ్లు తుడుచుకుని సూది మళ్లీ ఎత్తాడు. "ఏమే, ఇంకోసారి గుచ్చనా? ఇంకో మాట చెప్తావా?"

ఆవిడ ఎడంచేత్తో అతని వీపు మీద ఒక్కటి వేసింది.

చురుక్కుమంది.