రేకుల మీది రాయి

దూడ నాలుగు చప్పరింపులు చప్పరిస్తే గానీ ఆ బర్రె చేపదు. బాలనర్సింహ దూడను పక్కకు లాగి, గొంతుక్కూచుని, మోకాళ్ల మధ్య చెంబు బిగించి పాలు పిండుతున్నాడు. పేరులో బాలుడూ సింహమూ ఇద్దరున్నారు గానీ మనిషిలో ఇద్దరూ లేరు. జుట్టు నెరిసింది, గొంతు లేవదు. మొఘల్‌పురా గల్లీలో పుట్టి, అన్నదమ్ముల పాళ్ల పంపకంలో కొన్ని బర్రెలూ ఒక రేకుల కొట్టమూ తన పాలు పడితే, ఆ పాలతోనే బతుకు వెళ్లదీసినవాడు.

కొడుకు రవీందర్ జేబులో ఫోను గీపెట్టింది.

"బాపూ, పొద్దుమీకి రాళ్లవానంట, గాలిదుమారమంట. బర్రెలను ఇప్పుడే ఎదురింటి చాచా దేవిడీలకు తోలుదాం."

"ఎండ గిట్ల మండుతుంటే వానేందిరా? ఫోన్ల పడ్డ వానకు గల్లీ తడుస్తదా?"

"రేకులకు బోల్టులన్నా కొట్టనియ్యి. ఎన్నిసార్లు చెప్పిన!"

"మీ తాత కాలంకెల్లి రాళ్లే ఆపుతున్నయ్. ఫికర్ జెయ్యకు."

నిచ్చెన వేసుకుని ఎక్కి, రేకు అంచున ఇంకో రాయి పెట్టి దిగాడు. రేకు లేస్తే రాయి పెట్టడమే ఆ ఇంటి వైద్యం. తాత పెట్టినవి కొన్ని, తండ్రి పెట్టినవి కొన్ని. వంశవృక్షం లేదు గానీ వంశపు రాళ్లున్నాయి.

సాయంత్రం పాలు పిండే వేళకు ఆకాశం మసిగిన్నెలా నల్లబడింది. ముందు దుమ్ము లేచింది, తర్వాత ఎవరిదో ఫ్లెక్సీ ఎగిరింది, ఆ తర్వాత కొట్టం రేకులు తపతపా కొట్టుకున్నాయి. పొద్దున బాలనర్సింహ గాలిమాటలుగా కొట్టిపారేసినవాటిని గాలే నిజం చేసింది. వడగళ్లు మొదలయ్యాయి. పైన పెట్టినవీ రాళ్లే, పైనుంచి పడేవీ రాళ్లే. తేడా ఒక్కటే, ఇవి కరుగుతాయి.

ఎదురింటి ముస్తఫా చాచా తన పాతకాలపు భవంతి, ఆ దేవిడీ కమాను తలుపులు బార్లా తెరిచాడు. "నర్సింగ్ భాయ్! అందర్ లావ్, జల్దీ!"

తండ్రీకొడుకులు బర్రెలను తోలుకొచ్చారు. ఇనుము వాకిట్లో పడేస్తే రాళ్లవాన ఆగుతుందని పెద్దలు చెప్పిన మాట. బాలనర్సింహ భార్య ఆండాలు పేడ ఎత్తే ఇనుపతట్ట, తస్లను వాకిట్లోకి విసిరేసి, తనూ కమాను కిందికి ఉరికింది. తల్లిబర్రె వెనక్కి తిరిగి అరిచింది.

"దుడ్డె లోపల్నే ఉన్నది," అన్నాడు బాలనర్సింహ.

"నువ్వాగు బాపూ, నేను పోత!"

"నిన్ను చూస్తే అది మూలకు జొరబడ్తది. తల్లిని గట్టిగ పట్టుకో."

పోయాడు. కాసేపటికి కొట్టంలోంచి బయటికొచ్చాడు. ఒక చంకలో దూడ. వాకిట్లో తస్లను రెండో చేత్తో ఎత్తి దూడ తలమీద బోర్లించాడు. వెనక రేకు ఒక్కసారి లేచి పడింది. అతను తూలాడు. పడలేదు. కమాను కిందికొచ్చి దూడను దించాడు. తస్ల చేతిలోంచి జారి వాకిట్లోకి దొర్లింది.

"అయ్యో, నెత్తురు!" అంది ఆండాలు.

"గింతే తాకింది. దుడ్డెను తల్లి కాడ ఇడువుండ్రి."

గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. దూడ పొదుగు వెతుక్కుంది. బర్రె చేపింది. ఆ చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు. వాన తగ్గి అంబులెన్సు గల్లీలోకి వచ్చేసరికి అతని చెయ్యి చల్లబడిపోయింది.

గల్లీ అంతా కమాను కింద చేరింది. వడగల్లు ప్రాణం తీసిందని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆండాలు రొమ్ము బాదుకుంది. "తస్ల నీ నెత్తిన పెట్టుకోకపోతివి కదయ్యా! ముదనష్టపు రాళ్లవాన మింగిందిరో నా మనిషిని!"

రవీందర్ కొట్టం దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో ఒకటి ఎత్తుకొచ్చి అందరి ముందూ పెట్టాడు.

"వాన కాదమ్మా. గిది. పొద్దుగాల బాపు రేకు మీద పెట్టిన రాయి. రేకు లేస్తే జారి తలకు తాకింది. నేను చూసిన."

రవీందర్ నిచ్చెన వేసి, తాత రాళ్లూ తండ్రి రాళ్లూ ఒక్కొక్కటే కిందికి దించసాగాడు.

వాకిట్లో తస్ల వెల్లకిలా పడి ఉంది. ఒళ్లంతా సొట్టలు, అడుగున ఇంకా కరుగుతున్న వడగళ్లు.