మట్టితో కుట్టిన కోటు

గీత ఏదీ, మెడ అంచు నుంచి వేలు తిన్నగా కిందికి దిగితే తగలాలి కదా, నిన్న సూదితో నేనే గీశాను, కోటుకు ముందు భాగం నడుమ ఎక్కడో తెలిపే గీత, ముప్పై ఏళ్ళు దుకాణంలో గుడ్డ మీద సుద్దతో గీసిందే ఇప్పుడు మట్టి మీద సూదితో, అప్పుడు చూసి కుట్టేదాన్ని, ఇప్పుడు తడిమి చేస్తున్నాను, కానీ వేలు నున్నగా జారిపోతోంది, ముందేదో వెనకేదో తెలియడం లేదు, కాలరింకా పెట్టలేదు, జేబు ఎటు పెట్టను, బొత్తాలు ఎటు పెట్టను, మధ్యాహ్నానికల్లా బట్టీలోకి వెళ్ళాలన్నారు టీచరమ్మ, అయిపోయింది, రోజంతా కుర్చీలో కూర్చుని నువ్వూ కుర్చీ అయిపోతావక్కా, ఒక్క నెల మట్టిపనికి రా అని చెల్లెలు నా ప్రాణం తోడేసి తీసుకొచ్చింది, ఆ నెల ఇవాళ్టితో సరి, ఈ కోటు బట్టీ ఎక్కకపోతే మళ్ళీ ఇల్లు కదలనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

లప్పం పనే ఇది, ఇంకెవరు, లప్పమంటే నా జోడీ, వినపడదు, మాటా రాదు, గోడల పగుళ్ళకు లప్పం పట్టి రంగులేసే మనిషి, అందుకే ఆ పేరు పెట్టాను, ఇక్కడ చూపు లేనివాళ్ళకూ వినికిడి లేనివాళ్ళకూ జత కలిపారు, ఒకరికి ఒకరు కళ్ళూ చెవులూ అవ్వాలట, నా మొహం, నేను అరిస్తే ఆవిడకు వినపడదు, ఆవిడ చేతులూపితే నాకు కనపడదు, మా ఇద్దరికీ ఉన్నది అరచెయ్యొక్కటే, ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు, అయినా గీత ఏమైందమ్మా, పాడైంది నా పని అని గొంతు చించుకున్నాను, గది గదంతా ఉలిక్కిపడింది, వినాల్సినావిడ మాత్రం నా మోచేతి పక్కనే హాయిగా మట్టి పిసుకుతోంది, టీచరమ్మ పరుగున వచ్చి ఆవిణ్ణి సైగలతో అడిగి, నవ్వు ఆపుకుంటూ, పగులనుకుందటండీ, బట్టీలో విచ్చుకుంటుందేమోనని పూడ్చి నున్నగా చేసిందట, గంటసేపు కూర్చుని మరీ చేసిందట అన్నారు, ఓరి దేవుడా, గీత కనపడితే పూడ్చే చెయ్యీ, గీత లేకపోతే నడవని చెయ్యీ, ఏ మహానుభావుడు కలిపాడో ఇద్దర్నీ.

ఇంక నేను రానని చెప్పండి, మా చెల్లెల్ని పిలవండి అన్నాను, టీచరమ్మ సైగ చేశారో లేదో, తడి చెయ్యొకటి నా మణికట్టు పట్టుకుంది, అరచేతిలో రెండు దెబ్బలు, మళ్ళీ రెండు, ఏమిటి కాదు, వెళ్ళొద్దనా, కావాలని చెయ్యలేదనా, నాకు కోపంలోనే ఏడుపొచ్చింది, సరేలే మహాతల్లీ అని ఆవిడ వేలు లాక్కుని నా గొంతు గుంటలో పెట్టి బొడ్డు దాకా తిన్నగా ఈడ్చాను, ఇదీ, నడుమ, ఇది తెలియకపోతే నేనేం చెయ్యను, ఆ వేలు కాసేపు అక్కడే ఆగింది, ఆ తర్వాత అరచేతిలో ఒక్కటంటే ఒక్క దెబ్బ, చుర్రుమంది.

పూడ్చిన చోటు పూడ్చిన చేతికి తెలియదా, మట్టిని సన్నటి దారంలా పేని అతికించి, నా చూపుడువేలు పట్టుకుని దాని మీద పెట్టింది, గుంట కాదు, పైకి లేచిన గట్టు, మెడ నుంచి అంచు దాకా తిన్నగా, ఇది బట్టీలో విచ్చుకోదు, వేలికి తప్పిపోదు, నా సూదిగీత కంటే వెయ్యి రెట్లు నయం, ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ ఆవిడ అరచేతిలో ఒకసారి తట్టాను.

ఏమిటక్కా ఆ అరుపులు, గేటు దాకా వినపడ్డాయి, పోనీలే, నెలయిపోయిందిగా, ఇంక బలవంతపెట్టను, పద వెళ్దాం అంటోంది చెల్లెలు, ఉండవే, ఇంకా జేబు పెట్టాలి, కాలరు పెట్టాలి, అవతల బట్టీ వేడెక్కుతోంది, నిజమే, ఎందుకంతగా అరిచాను, చూపు పోయిన ఈ రెండేళ్ళుగా నాకు ఉన్నది ఒకటే కోపం, కళ్ళ మీద, డాక్టరు మీద, దేవుడి మీద, ముద్ద మింగుడు పడనివ్వని కోపం, ఇది అది కాదు, ఇది దుకాణంలో నా కత్తెర ఎవరైనా ముట్టుకుంటే వచ్చేది, కుట్టిన చొక్కా చెయ్యి తిన్నగా పడకపోతే కుర్రపిల్లల్ని ఉతికి ఆరేసేటప్పుడు వచ్చేది, ఎంత ఆకలేస్తోందో ఇప్పుడు, అరిచినంతసేపూ నాకు కళ్ళు లేవన్న సంగతే గుర్తు రాలేదు, పాడైంది నా పని అని అరిచాను, నా పని అన్నాను, అవును, నాకు మళ్ళీ ఒక పని ఉంది.