పచ్చచీర మీద వచ్చిన టెలిగ్రామ్

లండన్‌లోని ఒక టెలివిజన్ కంపెనీకి పన్నెండేళ్ళు విదేశీ విలేఖరిగా పనిచేశాను. సైగాన్, బేరూత్, టెహరాన్... జనం ఎక్కడి నుంచి పారిపోతుంటే అక్కడికి మైకు పట్టుకుని పోయేదాన్ని. తిరుపతిలో మా నాయన దేవస్థానం ఆఫీసులో గుమస్తా. "మీ గోదాదేవి సినిమాల్లో చేస్తా ఉండాదంటనే?" అని ఎవరైనా అడిగితే, "సినిమా కాదప్పా, కండ్లతో చూసింది చెప్పే పని" అనేవాడు. అంతకంటే పెద్ద బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ కోరుకోలేదు.

ఎనభై అయిదులో మొదటిసారి నా పేరుతో ఒక డాక్యుమెంటరీ తీసుకోమన్నారు. మా తిరుపతికి దగ్గరే, వడమాలపేట పక్కన ఒక పల్లెను ఎంచుకున్నాను. మూడేళ్ళుగా వాన లేదు, బావుల్లో నీళ్ళు లేవు. కెమెరా పట్టింది ఫకృద్దీన్, చిత్తూరువాడు. నాలుగు రోజుల్లో తొమ్మిది మంది ఆడవాళ్ళతో మాట్లాడాను. ఒకామె ఎండిన బావి గట్టు మీద, ఒకామె పశువుల కొట్టం దగ్గర, ఒకామె తన గడప మీద. అందరూ బాగా మాట్లాడారు. ఫిలిం డబ్బాలు మద్రాసు మీదుగా లండన్‌కు విమానంలో పంపించి, ఘనకార్యం చేసినట్టు తిరుపతిలో మా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఎనిమిదో రోజు టెలిగ్రామ్ వచ్చింది. "తొమ్మిది మందీ ఒకే పచ్చచీరలో ఉన్నారు. చీర మీరు కట్టించారా? జవాబు వచ్చేదాకా సినిమా ఆపుతున్నాం." పంపింది మా విభాగం పెద్ద.

మా పనిలో ఉన్నది ఉన్నట్టే తీయాలి. కెమెరా కోసమని ఏదీ చేయించకూడదు. చేయించినట్టు తేలితే ఆ మనిషి మాట మళ్ళీ ఎవరూ నమ్మరు. పేలుడు విని ఏ తుపాకీయో చెప్పగలిగే నేను, నాలుగు రోజులు కళ్ళముందు తిరిగిన చీరను గుర్తుపట్టలేదు. అడిగే ప్రశ్నల మీదే ధ్యాస, ఎదుటివాళ్ళ ముఖం మీదే చూపు.

"నువ్వైనా చూడలేదా?" అని ఫకృద్దీన్ మీద ఎగిరాను.

"సూసినాను మేడమ్" అన్నాడు తాపీగా. "రెండో రోజే సూసినాను. ఆడోళ్ళ చీరల సంగతి నేనెట్లా అడిగేది?"

ఆ మర్యాదకు దండం పెట్టాలో తల బాదుకోవాలో తెలియలేదు. అతన్నీ ఎక్కించుకుని జీపు తీయించాను.

మొదట నాతో మాట్లాడిన వసంతమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. నాకంటే పదేళ్ళు పెద్దది. అయినా నా గొంతు లేచింది.

"ఏమక్కా, అందరూ ఒకే చీర కట్టుకోనొచ్చినారంటనే! నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"అరవొద్దుమ్మా. లోపలికి రా" అంది.

గోడవారనున్న ఇనుప పెట్టె మూత ఎత్తింది. అడుగున పచ్చచీర ఒకటే మడతపెట్టి ఉంది.

"నా పెండ్లి చీర. ఈ పల్లెలో మంచి చీరంటే ఇదొకటే మిగిలుండాది. గడ్డి బండ్లు వచ్చినప్పుడల్లా చీరలిచ్చి గడ్డి ఏయించుకున్నాము. గొడ్లు సావకూడదు గదా. మరి ఫొటోకి పనిచీరతో ఎట్లా నిలబడేది? ఒకరు ఇడిసి ఇంకొకరికి ఇచ్చినాము. నీకు తెలీకూడదనే అనుకున్నాము."

నా కోపం ఎక్కడికక్కడ చచ్చింది. సిగ్గేసింది. చేతిలోని టెలిగ్రామ్ మడిచి సంచిలో పెట్టుకోబోయాను.

"ఆ తంతిలో ఏముండాదో సదువు" అంది. తెలుగులో చదివాను.

"అంటే నువ్వు అబద్ధం ఆడినావనా?"

"అట్లనే అనుకుంటా ఉండారు."

"నిజం సెప్పేయి."

"చెప్తే మీ గుట్టు లోకమంతా తెలిసిపోతాదక్కా. నేను చెప్పను."

"సెప్పకపోతే?"

"సినిమా ఆగిపోతాది. నా ఉద్యోగమూ పోవచ్చు."

వసంతమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "బలే దానివే! మా గుట్టు మోసేదానికి నీ కూడు పారబోసుకుంటావా? మేమేమన్నా దొంగతనం చేసినామా? ఆ ఫకృద్దీనప్పని రమ్మను."

జీపులో ఉన్న కెమెరాలో రెండు నిమిషాల ఫిలిం మిగిలి ఉంది. మొదట తీసిన రోజుల్లో జ్వరంతో పడుకున్న పంకజాక్షిని పక్కింటి నుంచి పిలుచుకొచ్చింది వసంతమ్మ. వాకిట్లో ఎండలో నిలబెట్టి, ఆమె చిరుగుల చీర మీదే పచ్చచీర చుడుతూ, కెమెరా వైపు తిరిగి మాట్లాడింది.

"లండనయ్యా, ఈ చీర నాది. తొమ్మిది మంది కట్టుకున్నాము, ఈ పాప పదో మనిషి. ఎవురూ మాకు కట్టించలేదు. తక్కిన చీరలిచ్చి గొడ్లను బతికించుకున్నాము. కొట్టంలో ఉండాయి, వచ్చి సూసుకో. రేపు వానొస్తే సేద్యం మేమే చేసుకుంటాము. మమ్మల్ని సూసి అయ్యో పాపం అనబాకండి. మా గోదాదేవిని అబద్ధాలకోరు అసలే అనబాకండి."

కుచ్చిళ్ళు దోపి, పైట సర్ది, పంకజాక్షి గడ్డం పట్టుకుని తల కొంచెం పైకెత్తింది. అప్పటికి ఫిలిం అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. వీళ్ళ జిల్లాలో పుట్టినందుకు రొమ్ము నిండా గర్వం వచ్చింది.

ఆ రెండు నిమిషాలు కోత లేకుండా ప్రసారమయ్యాయి. అక్కడ నేను వ్యాఖ్యానం చెప్పలేదు. వసంతమ్మ తెలుగు, కింద ఇంగ్లీషు అక్షరాలు, అంతే.

ఆరు నెలలకు సెలవు మీద వచ్చి పల్లెకు వెళ్ళాను. వానలు పడ్డాయి. వసంతమ్మ వేరుశనగ చేనులో కలుపు తీస్తోంది. అప్పుడు టెలిగ్రామ్ పంపిన మా విభాగం పెద్ద రాసిన ఉత్తరం చదివి వినిపించాను. సినిమాను ఆయన తన తల్లి పక్కన కూర్చుని చూశాడట. అయిపోయాక ఆమె, యుద్ధకాలంలో బట్ట దొరక్క తమ వీధిలో ఆరుగురు పెళ్ళికూతుళ్ళు ఒకే తెల్లగౌను తొడుక్కున్నారని, అందులో మూడోది తానని చెప్పిందట. "ఆ పెళ్ళిఫొటో నలభై ఏళ్ళుగా మా ఇంటి గోడ మీద ఉంది. గౌను ఆమెది కాదని నాకు ఇప్పుడే తెలిసింది" అని రాశాడు.

వసంతమ్మ చేతిలోని కలుపు పక్కన పడేసింది.

"ఆరు మందీ ఒకటే గౌనా?"

"ఒకటే గౌను."

"మరి ఆయమ్మ ఫొటో సూసి, ఇది నిజమేనా అని ఎవురన్నా తంతి కొట్టినారా?"