ఐదింటికి కార్డు, ఏడింటికి నేను

మా చొక్కాల ఫ్యాక్టరీలో ఐదు కాగానే అందరి కార్డులూ సూపర్‌వైజరే పంచింగ్ మిషన్‌లో కొట్టేస్తాడు. మేము మాత్రం ఏడింటిదాకా కాలర్లు కుడుతూనే ఉంటాం. రెండేళ్లుగా ఇదే తంతు. ఆ మహానుభావుడికి మేము చాటుగా పెట్టుకున్న పేరు గంటలయ్య.

చొక్కాలు కొనే కంపెనీ నుంచి ఒకావిడ తనిఖీకి వస్తోందనగానే గంటలయ్యకు ఇంగ్లీషు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. భోజనాల వేళ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు.

"'మై డ్యూటీ టైమింగ్' అనకండమ్మా, నవ్విపోతారు. 'ఐ స్టార్ట్ ఎట్ ఎయిట్, ఐ గెట్ ఆఫ్ ఎట్ ఫైవ్.' పని దిగడాన్ని ఇంగ్లీషువాళ్లు అలాగే అంటారు."

"నాకు నోరు తిరగదు బాబూ, ఆ ముక్కేదో నువ్వే చెప్పేసుకోరాదూ?" అంది పక్క మిషన్ అక్క.

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు బాగా పలుకుతున్నావ్. ఆవిడకి నువ్వే చెప్పాలి. తేడా వచ్చిందో, మర్నాటి నుంచి నీకు పనుండదు."

ఇంట్లో ఆరేళ్ల నా కూతురి చేత ప్రశ్న అడిగించుకుని పాఠం వల్లించాను. 'ఫైవ్' అనగానే అది ముఖం ముడుచుకుంది.

"ఐదింటికే అయిపోతుందా? మరి ఏడింటిదాకా నన్ను బడి మెట్ల మీద కూర్చోబెట్టి ఎక్కడికెళ్తున్నావమ్మా?"

నా ప్రాణం ఉసూరుమంది. ఫ్యాక్టరీ కోసం చెప్పే అబద్ధం నా బిడ్డ దగ్గర నన్ను దొంగను చేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నా మిషన్ దగ్గర ఆగి, పని ఎన్నింటికి ముగుస్తుందని అడిగింది. వెనక గంటలయ్య దగ్గాడు. నేను మిషన్ ఆపాను.

"ఐ స్టార్ట్ ఎట్ ఎయిట్. మై కార్డ్ గెట్స్ ఆఫ్ ఎట్ ఫైవ్. ఐ గెట్ ఆఫ్ ఎట్ సెవెన్."

గంటలయ్య ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఆవిడ అక్క వైపు చూసింది. నోరు తిరగని మా అక్క "సెవెన్!" అని అరిచినంత పని చేసింది. ఆ వెనక వరసంతా అందుకుంది.

ఆవిడ సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడింది. ఐదు కొట్టగానే అందరం బయటపడ్డాం. రేపు నాకు పనుంటుందో ఊడుతుందో తెలియదు. బడికి పరుగెత్తాను.

నా కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. తలెత్తి నావైపు చూసి, నేనని పోల్చుకోకుండానే మళ్లీ పుస్తకంలోకి తల దించేసుకుంది. ఆ వేళప్పుడు వచ్చేది వేరేవాళ్ల అమ్మలే కదా.